మరమనిషి యెవరి చేతి పని?

ప్రతి సంవత్సరమును ఈ సంచికలో ఆటల జట్టులవారు తమ తమ వృత్తాంతములను వ్రాయుట వాడుక. బంతియాట జట్టువారు గెలిచిన యాటలను లెక్కింతురు. పరుగుపందెములవారు పతకములను లెక్కింతురు. కడపట సాయపడిన పెద్దలకు వందనములు చెప్పి ముగింతురు. మరమనుషుల పోటీలకు పోవు మా జట్టునుండియు అట్టి వ్యాసమొకటి కావలెనని సంపాదకులు కోరిరి. ఈ యేడు మాకు లెక్కించుటకు కప్పులు లేవు. కావున ఆ పట్టికకు మాఱుగా ఒక యభిప్రాయమును చదువరుల ముందుంచుచున్నాము. పెద్దలకు అది యప్రియముగా తోచినయెడల మన్నింతురు గాక.

మా యభిప్రాయ మిది: పాఠశాల పేరిట పోటీకి పోవు మరమనిషి ఆ పాఠశాల విద్యార్థుల చేతి పనియై యుండవలెను. అది వంకరగా నడచినను సరియే, ఓడినను సరియే. పెద్దలు చేసి యిచ్చిన యంత్రముతో గెలుచుటకంటె మనము చేసిన యంత్రముతో ఓడుట మేలు. ఈ మాట చెప్పుట సులభము. దీనిని నిజముగా పాటింపవలసి వచ్చినప్పుడు పాఠశాలకు కొంత నష్టము, కొంత చిన్నతనము తప్పవు. ఆ సంగతి నెఱిగియే వ్రాయుచున్నాము.

రోబో యను మాట చెక్కుల భాషనుండి వచ్చినది. కారెల్ చాపెక్ అను రచయిత 1920వ సంవత్సరమున ప్రకటించిన నాటకములో ఆ మాట మొదట కనబడినది. దానిని సూచించినవాడు ఆయన యన్న జోసెఫ్. ఆ భాషలో రోబొత యనగా వెట్టిచాకిరి. వెట్టి యన నేమో తెలుగువారికి వేఱుగా చెప్పనక్కఱలేదు. కూలి లేక, ఏల చేయవలెనో అడుగు హక్కు లేక, పరుల పని చేయుటయే వెట్టి. యంత్రముచేత వెట్టి చేయించుటలో తప్పేమియు లేదు. అది పుట్టినదే అందుకొఱకు. అయితే జట్టులో వెట్టి చేయునది యంత్రమా, విద్యార్థియా అను సందేహము మాకు రెండేండ్ల క్రిందట కలిగినది. ఆ కథ చెప్పుటకు ముందు మా పని యెట్లు జరుగునో కొంచెము చెప్పవలెను.

పాఠశాల వెనుక ప్రహరీగోడ నానుకొని యున్న పెంకుటింటిలో మేము పని చేయుదుము. పూర్వ మందు బాలురకు వడ్రంగము నేర్పెడివారు. ఉలులును రంపములును తగిలించిన మేకులు నేటికిని గోడకు ఉన్నవి. ఇప్పుడు వానికి తీగల చుట్టలు వ్రేలాడుచున్నవి. మనదేశమున ఇట్టి పనులకు ప్రోత్సాహ మిటీవల హెచ్చినది. 2016వ సంవత్సరమున నీతి ఆయోగ్ వారి ఆధ్వర్యమున అటల్ ఇన్నోవేషన్ మిషన్ ఆరంభమై, ఎన్నుకొనబడిన పాఠశాలలలో ఆఱవ తరగతి మొదలు పండ్రెండవ తరగతి వఱకు చదువు పిల్లల కొఱకు అటల్ టింకరింగ్ ల్యాబులను నెలకొల్పుటకు 20 లక్షల రూపాయల వఱకు సహాయ మిచ్చు నేర్పాటు జరిగినది. మన గదికి అట్టి సహాయము లభింపలేదు. పూర్వవిద్యార్థుల విరాళముతో కొన్న రెండు బల్లలు, ఒక ల్యాప్‌టాపు, ఆర్డువినో పలకలు నాలుగు, మోటారులు, చక్రములు, చిన్న చిన్న పరికరములు, ఇంతియే మా యాస్తి.

జట్టులో పదునొకండ్రము. అందఱమును ఎనిమిదవ, తొమ్మిదవ తరగతులవారమే. పదవ తరగతివారికి 600 మార్కుల పరీక్ష తలమీద నుండును గనుక వారిని ఈ గదిలోనికి రానీయరు. సాయంకాలము కడపటి గంట మ్రోగినది మొదలు చీకటిపడు వఱకు మా కాలము. మొదటి యరగంట క్రిందపడిన స్క్రూలను వెదకుటలో పోవును. ఒకే ల్యాప్‌టాపు ఉండుటచేత ఒకరు మీటలు నొక్కుచుందురు, పదుగురు సలహాలు చెప్పుచుందురు. సోల్డరింగు కడ్డీ తగిలి బొబ్బ యెక్కని వ్రేలు మాలో నెవరికిని లేదు. పోటీలో మరమనిషి తెల్లని నేలపై నల్లని గీతవెంట నడువవలెను. అట్టి నేల మాకు లేకపోగా, ఎన్నికలనాటి ఫ్లెక్సీ యొకటి సంపాదించి, నాయకుని ముఖము నేల నంటునట్లు బోర్ల పఱచి, వెనుకటి తెలుపుమీద కరెంటు పనివారు వాడు నల్లటేపు అంటించి గీతలు చేసికొంటిమి. మూడు సంవత్సరములుగా మా యంత్రములు ఆ నాయకుని వీపుమీదనే నడక నేర్చుకొనుచున్నవి.

ఇక రెండేండ్ల క్రిందటి కథ. అంతకు ముందటి యేట మా జట్టు పోటీలో కడపటిగా నిలిచినది. ఈసారి కప్పు తప్పక రావలెనని పెద్దలు తలచి, వెలుపలినుండి ఒక శిక్షకుని వేతనమిచ్చి పిలిపించిరి. ఆయన పేరుగాని, ఆయనను పంపిన సంస్థ పేరుగాని ఇచట చెప్పము. ఆయనయెడ మాకు ద్వేషము లేదు. చురుకైనవాడు, ఓర్పుగలవాడు; మాకు మిఠాయిలు కూడ తెచ్చి పెట్టెడివాడు. గెలిపించుట ఆయన కప్పగింపబడిన పని; నేర్పుట యని యెవరును ఆయనకు చెప్పలేదు. యంత్రపు భాగములను పెట్టెలో పెట్టి తెచ్చి, మూడు శనివారములలో దానిని కూర్చెను. ఆయన అడిగిన స్క్రూను అందించుట మా వంతు. యంత్రమును నడపు ప్రోగ్రామును పెన్‌డ్రైవులో తెచ్చి ఎక్కించెను. న్యాయనిర్ణేత లడుగుదురని యిరువది ప్రశ్నలకు సమాధానములు వ్రాయించి, మాచేత వల్లె వేయించెను. మా ఫ్లెక్సీమీద ఆ యంత్రము చీమబారు పోయినట్లు గీత తప్పక పోయెను. మేమును, మా తలిదండ్రులును చూచి ముఱిసితిమి.

పోటీ జరిగినది జిల్లాకేంద్రమున ఒక కళాశాల సభాభవనములో. మా వంతు ఉదయము పదిగంటలకు వచ్చినది. తూర్పు కిటికీలనుండి యెండ సరిగా గీతమీద పడుచుండెను. యంత్రము బయలుదేఱి రెండడుగులు పోయి, గీతను విడిచి, నేరుగా ప్రేక్షకుల కాళ్లలోనికి పోయెను. మఱల పెట్టితిమి, మఱల అట్లే పోయెను. మూడవ సారి పెట్టుటకు సమయము లేకపోయెను.

జరిగిన దేమో మాకు ఆఱు నెలల తరువాత గాని తెలియలేదు. గీతను చూచు పరికరము కంటికి కనబడని పరారుణ కిరణములను నేలమీదికి విడుచును. తెల్లని నేల వానిని త్రిప్పి పంపును. నల్లని గీత మ్రింగివేయును. తిరిగివచ్చిన వెలుగు ఇంత సంఖ్యకు మించినచో తెలుపు, తగ్గినచో నలుపు అని ప్రోగ్రాములో ఒక హద్దు వ్రాయబడి యుండును. శిక్షకుడు ఆ హద్దును మా చీకటిగదిలో, సాయంకాలమున, కొలిచి వ్రాసెను. ఎండలో పరారుణ కిరణములు మెండుగా నుండును. అవి నేలమీద పడగానే నలుపు కూడ యంత్రమునకు తెలుపుగా తోచినది. ప్రోగ్రాములో ఒక్క సంఖ్యను మార్చినచో సరిపోయెడిది. లేదా అట్టముక్క నొకదానిని అడ్డముగా పట్టినను సరిపోయెడిది. పదునొకండ్రుమును అక్కడనే యున్నాము. ఆ సంఖ్య యెచ్చట నున్నదో మాలో నొక్కరికిని తెలియదు. అట్టి సంఖ్య యొకటి యుండుననియే తెలియదు. శిక్షకుడు అప్పుడు మఱియొక పాఠశాలవారి బల్లయొద్ద నుండెను.

అచట మేము మఱియొక వింతను చూచితిమి. మా యంత్రమువంటి యంత్రములే, అదే రంగు తీగలతో, మఱి మూడు పాఠశాలల బల్లలమీద నుండెను. ఆ పాఠశాలల విద్యార్థులును మేము వల్లె వేసిన సమాధానములనే వల్లె వేయుచుండిరి. వారిలో నొక జట్టువారి వంతు మధ్యాహ్నము మూడుగంటలకు వచ్చినది. ఎండ అప్పటికి కిటికీ దాటిపోయినది. వారికి కప్పు వచ్చినది. వారిని చూచి మేము అసూయపడితిమి. ఇంటికి వచ్చు బస్సులో ఆలోచింపగా అసూయకు కారణము లేదని తోచెను. వారికి తెలిసినదియు మాకు తెలిసినంతయే. వారిని గెలిపించినదియు, మమ్ము ఓడించినదియు పొద్దు వాలుటయే గాని విద్య గాదు. ఆనాడు ఆ భవనములో స్క్రూలందించి, పాఠ మప్పగించి, ఏల యని యడుగక నిలువబడినవారము మేమే. చాపెక్ నాటకములోని మాట మాకే చక్కగా అతుకును.

మఱుసటి యేట పెద్దల ననుమతి యడిగి, శిక్షకుడు లేకయే పని మొదలుపెట్టితిమి. విజ్ఞానశాస్త్ర మాస్టరుగారు మాత్రము మాతో నుండిరి. ఆ యేట మేము చేసినన్ని తప్పులు ఈ వ్యాసమున పట్టవు. ధన ఋణ తీగలను తాఱుమాఱుగా తగిలించి, మోటారులను నడపు పలకలు రెండింటిని కాల్చివేసితిమి. మలుపు తిరుగుటకు మోటారు ఇన్ని క్షణములు తిరుగవలెనని ప్రోగ్రాములో వ్రాయగా, ఉదయము లంబకోణము తిరిగిన యంత్రము సాయంకాలమునకు అందు ముప్పాతిక మాత్రమే తిరుగుచుండెను. నాలుగు దినములు ప్రోగ్రాములో తప్పు వెదకితిమి. తుదకు ఎనిమిదవ తరగతి బాలిక యొకతె, ప్రతి ప్రయోగమునకును వేళ వ్రాసియుంచిన తన నోటుపుస్తకమును తిరుగవేసి, బ్యాటరీ నింపిన వెంటనే మలుపు సరిగా నున్నదనియు, వాడుకొలది తగ్గుచున్నదనియు చూపెను. తప్పు ప్రోగ్రాములో లేదు. బ్యాటరీ నీరసించుటలో నున్నది. వోల్టేజి తగ్గినకొలది మోటారు మెల్లగా తిరుగును. అదే కాలములో తక్కువ దూరము పోవును. అప్పుడు కాలమును లెక్కించుట మాని, చక్రమునకు చిల్లుల బిళ్ళ నొకటి తగిలించి చుట్లను లెక్కింప మొదలిడితిమి. విద్యుత్తు పాఠమును మేమందఱమును చదివినవారమే, పరీక్షలో వ్రాసినవారమే. అది నిజమని ఆనాడు గాని మాకు తెలియలేదు.

ఆ యేడు మా యంత్రము గీత చివరి వఱకు పోలేదు. ఈ యేడు పోయినది. గీతను చూచు పరికరము చుట్టును నల్లకాగితముతో ఒక చిన్న అంగీ కుట్టి యెండ పడకుండ చేసితిమి. అదియు చాలదని, పందెమునకు ముందు యంత్రమును ఒకసారి తెలుపుమీద, ఒకసారి నలుపుమీద పెట్టినచో ఆ స్థలమునకు తగిన హద్దును అదియే లెక్కకట్టుకొనునట్లు ప్రోగ్రాము వ్రాసితిమి. రెండవ వంతుకు ముందు ఒక మోటారు తీగ తెగగా, తొమ్మిదవ తరగతి బాలిక దానిని విప్పి, పేని, టేపు చుట్టి, పిలుపు రాకముందే యంత్రమును నిలువబెట్టెను. మాకు ఏడవ స్థానము వచ్చినది. ఏడవ స్థానమునకు కప్పు లేదు. న్యాయనిర్ణేత యొకరు ఆ కాగితపు అంగీని చూచి యిది యేల యని యడుగగా, పదునొకండ్రుమును ఒక్కసారి సమాధానము చెప్పబోయి కసరబడితిమి.

ఇప్పుడు మా వ్యాసమునకు కారణము. వచ్చు సంవత్సరమునకు మఱల శిక్షకుని పిలిపింపవలెనని పాఠశాల కార్యవర్గములో ఆలోచన జరుగుచున్నదని విన్నాము. అది మా మేలు గోరియే యని యెఱుగుదుము. అయినను, నిర్ణయము కాకముందే మా మాట వినవలెనని మా ప్రార్థన.

ఈ వివాదము మన పాఠశాలలోనే పుట్టినది కాదు. మరమనుషుల పోటీలకు పేరుపడిన అమెరికాలో ఫస్ట్ అను సంస్థను 1989వ సంవత్సరమున డీన్ కేమెన్ అను యంత్రనిర్మాత స్థాపించెను. ఆటగాండ్రకు సంఘములో జరుగు గౌరవము శాస్త్రము నేర్చు పిల్లలకును జరుగవలెనని ఆయన కోరిక. 1992వ సంవత్సరమున న్యూహాంప్‌షైరు రాష్ట్రములోని మాంచెస్టరు పట్టణమున, ఒక ఉన్నత పాఠశాల వ్యాయామశాలలో, 28 జట్టులతో మొదటి పోటీ జరిగినది. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున యంత్రనిర్మాణమును పోటీగా పెట్టి బోధించి ప్రసిద్ధికెక్కిన వుడీ ఫ్లవర్స్ అను ఆచార్యుడు దానికి తోడుపడెను. గెలుపుకొఱకు గట్టిగా పోరాడుచునే ఎదుటివానియెడ మర్యాద తప్పకుండుట ఆ పోటీలకు ఆయన నేర్పిన ధర్మము. అందుచేతనే అచట జట్టులు మూడేసి చొప్పున కూడి ఆడును. ఈ యాటలో మిత్రుడైనవాడు వచ్చు ఆటలో శత్రువు కావచ్చును. ఎదుటి జట్టు యంత్రము చెడినచో తమ పనిముట్లను ఎరువిచ్చుట అచట ఘనతగా నెంచబడును.

అట్టిచోట కూడ, పెద్దలెంత చేయవలెను, పిల్లలెంత చేయవలెను అను తగవు నేటికిని తెగలేదు. యంత్రమున పెద్దలు చేయి పెట్టరాదని ఆ సంస్థ శాసింపలేదు. అనుభవముగల ఇంజనీర్ల ప్రక్కను నిలిచి పిల్లలు పని నేర్వవలెనని దాని యుద్దేశము. ఇది మా వాదమునకు వ్యతిరేకమని కొందఱనవచ్చును. మాకట్లు తోచదు. పెద్దవాడు ప్రక్కను నిలుచుట వేఱు, మా స్థానమున నిలుచుట వేఱు. ప్రక్కను నిలిచినవాడు తాను పోయిన తరువాత కూడ పని సాగునట్లు చేసి పోవును.

డబ్బును, శిక్షకుడును లేని పాఠశాలకు గెలుపు రాదను వారికి మఱియొక యుదాహరణము చెప్పెదము. అమెరికాలోనే అరిజోనా రాష్ట్రమున ఫీనిక్సు నగరములో కార్ల్ హేడన్ ఉన్నత పాఠశాల కలదు. అది పేదపిల్లలు చదువు పాఠశాల. 2004వ సంవత్సరమున అచటి బాలురు నలుగురు, నీటి యడుగున పని చేయు మరయంత్రముల పోటీకి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాంటా బార్బరా శాఖకు పోయిరి. నలుగురును మెక్సికోలో పుట్టి, అనుమతిపత్రములు లేక ఆ దేశమున పెరుగుచున్నవారు. ఫ్రెడీ లజ్వార్డి, అలన్ కేమరాన్ అను నిద్దఱు ఉపాధ్యాయులు వారికి తోడు. ఉన్నత పాఠశాలల తరగతిలో ఓడుటకంటె కళాశాలల తరగతిలో ఓడుట సిగ్గు కాదని తలచి, పై తరగతిలోనే పేరిచ్చిరి. వారి యంత్రము కొళాయిపనివారు వాడు ప్లాస్టిక్కు గొట్టములతో చేసినది. ఖర్చు ఇంచుమించు 800 డాలర్లు. జిగురు కంపు కొట్టుచుండుటచేత దానికి కంపుగొట్టునది యనియే పేరు పెట్టిరి. వారి కెదురుగా నిలిచినవారిలో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమువారును ఉండిరి. వారి యంత్రమునకు 10,000 డాలర్లకు పైగా అయినది.

పోటీకి ముందు ఆ బాలుర యంత్రములోనికి నీరు కాఱుట కనబడెను. విద్యుత్ పరికరములు తడిసినచో అంతయు వ్యర్థమగును. క్రొత్త పెట్టె చేయుటకు వ్యవధి లేదు. నీటిని పీల్చు వస్తువేదియని యాలోచించి, స్త్రీలు ఋతుదినములలో వాడు దూదిచుట్టలను లోపల కూరిరి. వానిని కొనుటకు దుకాణమునకు పోయిన బాలుడు సిగ్గుతో చితికిపోయినాడట. ఉపాయము ఫలించినది. పోటీలో ప్రథమ స్థానము ఆ పాఠశాలకు వచ్చినది. సాంకేతిక విద్యాలయమువారు రెండవవారైరి. యంత్రమును గూర్చి చక్కగా వ్రాసినందుకిచ్చు బహుమానము కూడ ఆ బాలురకే దక్కినది.

వారు గెలిచిరి గనుక ఈ కథ చెప్పుటలేదు. నీరు కాఱినప్పుడు ఎచ్చట కాఱుచున్నదో, తడిసిన నేమగునో, ఏమి చేయవచ్చునో వారికి తెలిసియుండెను. ఏలయన ఆ యంత్రములోని ప్రతి తీగయు వారు తగిలించినదే. మా సభాభవనములో ఎండపడినప్పుడు మాకు లేకపోయినది ఆ తెలివియే. గెలిచినంత మాత్రమున వారి కష్టములు తీరలేదనియు చెప్పవలెను. బహుమానపత్రము అనుమతిపత్రము కాదు గదా! పై చదువులకు వారు చాల ఇడుమలు పడిరి. వారిలో నొకడు 2009వ సంవత్సరమున ఇంజనీరింగు పట్టము పొందియు, అనుమతికొఱకు మెక్సికోకు పోయి వేచియుండవలసి వచ్చినది. కప్పు కప్పుగానే మిగిలినది. చేతికి వచ్చిన పని మాత్రము వారిని విడువలేదు.

ఇక మామీద వచ్చు ఆక్షేపణలు. కప్పులు వచ్చినగాని విరాళములు రావు, విరాళములు రానిచో గది మూతపడు నందురు. ఇది నిజమే, తేలికగా త్రోసివేయదగినది కాదు. విరాళ మిచ్చువారికి కప్పు చూపుటకు మాఱుగా మమ్ము చూపవలెనని మా మనవి. యంత్రమును విప్పి బల్లమీద పోయుడు. వారి యెదుట మరల కూర్చెదము. పిల్లలచేతి కిచ్చిన పరికరములు పాడగు నందురు. రెండు పలకలు కాల్చిన సంగతి మేమే యొప్పుకొంటిమి. ఆ రెండింటి వెల శిక్షకుని యొక దినపు వేతనముకంటె తక్కువ. వానిని కాల్చిన పిదప మూడవది కాలలేదు. పరీక్షలకు చదువవలసిన కాలము వ్యర్థమగు నందురు. శిక్షకుడు చేయగా చూచుచు కూర్చున్న కాలముకంటె వ్యర్థమైన కాలము మా కెన్నడును లేదని మాత్రము చెప్పగలము.

పెద్దల తప్పు నెంచినవారము మా తప్పును దాచరాదు. మా జట్టులో నలుగురు బాలికలు. మొదట వారికి అట్టలమీద బొమ్మలు వేయుట, లెక్కలు వ్రాయుట, చూడవచ్చినవారికి వివరించుట అప్పగింపబడినవి. అట్లని యెవరును ఆజ్ఞాపింపలేదు. బల్లయొద్దకు బాలురు ముందుగా చేరిరి. వెనుకనున్నవారికి మిగిలిన పని దక్కెను. శిక్షకుడు మాకు చేసిన యన్యాయమునే మేము వారికి చేయుచుంటిమని, బ్యాటరీ రహస్యము బయటపడిన నాటికి గాని బాలురకు తెలియలేదు. నోటుపుస్తకము వ్రాయుచున్న బాలికయే ఆనాడు జట్టును కాపాడినది. కాని ఆమె చేతికి స్క్రూడ్రైవరు ఇచ్చుటకు మా కొక యేడు పట్టినది. ఈ యేడు తెగిన తీగను కట్టినదియు ఆమెయే. ఇతరుల చేతినుండి పని లాగికొనుట పెద్దలకు మాత్రమే యున్న దుర్గుణము కాదు.

ఊరక నిందింపక, చేయదగిన దేమో కూడ విన్నవించుచున్నాము. మొదటిది, శిక్షకుని పిలిపించినను పిలిపింపుడు గాని, ఆయన మా యంత్రమును తాకరాదను నియమముతో పిలిపింపుడు. ఆయన ప్రశ్నలడుగవచ్చును, వేఱొక యంత్రముమీద చేసి చూపవచ్చును, మేము తప్పు చేయుచుండగా ప్రమాదము లేనంతవఱకు ఓర్చుకొనవలెను. రెండవది, జట్టులో ఏ యొక్కరికిని వివరింప చేతగాని భాగము యంత్రములో నుండరాదు. ఉన్నచో దానిని తీసివేసి, మాకు తెలిసిన చిన్న యంత్రముతోనే పోవుదుము. మూడవది, పనులు నెలకొకసారి మాఱవలెను. బొమ్మలు వేసినవారు తీగలు కట్టవలెను, తీగలు కట్టినవారు లెక్కలు వ్రాయవలెను. నాలుగవది, చెడిన ప్రయోగములను వ్రాయు పుస్తక మొకటి గదిలో నిలువ యుంచవలెను. మేము పదవ తరగతికి పోయిన పిదప వచ్చు చిన్నవారు మా తప్పులనే మరల చేయక, క్రొత్త తప్పులు చేయుదురు గాక.

ఈ సంవత్సరము వార్షికోత్సవమునకు వచ్చిన వృద్ధులైన పూర్వవిద్యార్థి యొకరు మా గది చూడవచ్చిరి. వడ్రంగపు మాస్టరుగారు ఎప్పుడును చేతులు వెనుకకు కట్టుకొనియే నిలుచుండెడివారనియు, పిల్లవాని చేతిలోని చిత్రికను ఆయన ఒక్కనాడును పుచ్చుకొనలేదనియు చెప్పిరి. ఏడాది తుదకు ప్రతి బాలుడును తాను కూర్చుండుటకు ఒక పీట చేసికొనవలెనట. కొన్ని కుంటెడివట. ఆ పీటలలో నొకటి యింకను మా గదిలో నున్నది. ఒక కోటిక్రింద కాగితము మడిచి పెట్టి, దానిమీద కూర్చుండియే మేము ప్రోగ్రాములు వ్రాయుచున్నాము. ఆ పీటను చేసినవాడు బహుమానము పొందెనో లేదో యెవరికిని జ్ఞాపకము లేదు. పీట మాత్రము నిలిచియున్నది.

కార్యవర్గమువారును, ఉపాధ్యాయులును, తలిదండ్రులును మా మాటను దయతో ఆలోచింతురని నమ్మెదము. వచ్చు సంవత్సరపు సంచికలో మా జట్టు వృత్తాంతమున కప్పుల పట్టిక యుండునో లేదో చెప్పజాలము. మాకు తెలియని యంత్రమును గూర్చి మేము వ్రాయవలసిన యవసరము కలుగకుండ చేయుడని మాత్రము వేడుచున్నాము.